వానాకాలానికి ముందు స్పోర్ట్స్ కారు టైర్ల ఎంపికలో తీసుకోవలసిన జాగ్రత్తలు

పొడి రోడ్డు మీద ఏ లోపమూ బయటపెట్టని టైరే మొదటి పెద్ద వానకు కారును అదుపు తప్పించగలదు. ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల భాగం, అరిగేకొద్దీ దానిలోని రబ్బరు దిమ్మలు కురచబడి బిగువుగా నిలుస్తాయి కాబట్టి, పొడి రోడ్డు మీద పట్టు తగ్గినట్టు అనిపించకపోగా, స్టీరింగ్ తిప్పగానే కారు ఇంకా చురుగ్గా స్పందిస్తున్నట్టు తోస్తుంది. అదే టైరు నిలిచిన నీటిని తొక్కినప్పుడు, ఆ నీరు పక్కలకు పోయే దారి చాలక, రబ్బరుకూ రోడ్డుకూ మధ్య పొరగా చేరి చక్రాన్ని పైకి లేపేస్తుంది. అలా నీటిపై తేలిన చక్రం స్టీరింగ్ మాటా వినదు, బ్రేకు మాటా వినదు. స్పోర్ట్స్ కార్లకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వాటి టైర్లు వెడల్పుగా ఉండడం వల్ల తొలగించవలసిన నీరు ఎక్కువవుతుంది; కారు తేలికైనదైతే ఆ నీటిని చీల్చుకుని రోడ్డును అందుకోవడానికి కావలసిన బరువు కూడా తక్కువే ఉంటుంది.

ముందుగా ఇప్పుడున్న టైర్ల సంగతి తేల్చుకోవాలి. కొత్త టైరులో ట్రెడ్ లోతు సాధారణంగా 7 నుంచి 8 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. చాలా దేశాల చట్టం అనుమతించే కనిష్ఠ లోతు 1.6 మిల్లీమీటర్లు, గాడుల అడుగున అడ్డంగా ఉండే చిన్న రబ్బరు దిమ్మలు ట్రెడ్‌తో సమానమయ్యాయంటే టైరు ఆ హద్దును తాకినట్టే. చట్టం ఒప్పుకుంటోంది కదా అని అంతవరకు ఆగడం స్పోర్ట్స్ కారు విషయంలో ఎంతమాత్రం తగదని నా అభిప్రాయం. వానాకాలం ముందుందనగా 3 మిల్లీమీటర్లకు దగ్గరపడిన టైరును తీసేయడమే మంచిది.

కొలిచేటప్పుడు బయటి అంచును చూసి తృప్తిపడకూడదు. మలుపుల్లో పట్టు కోసం ఈ కార్ల చక్రాలను పైభాగం కాస్త లోపలికి ఒరిగేలా అమరుస్తారు. దీన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. దాని ఫలితంగా లోపలి అంచు ముందు అరుగుతుంది, ఆ అంచు పక్కన నిలబడి చూసేవారి కంటికి ఆనదు. బయటి నుంచి నిక్షేపంలా కనిపించే టైరుకు లోపలి వైపు తీగ తేలి ఉండడం అరుదేమీ కాదు. ముందు చక్రాలకైతే స్టీరింగ్‌ను చివరి వరకు తిప్పి టార్చిలైటు వేసి చూడవచ్చు, వెనుక చక్రాలకు కారును లిఫ్టు మీద ఎత్తించడమే మేలు. తీగ తేలలేదని కంటితో నిర్ధారించుకున్న తర్వాత అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఒకసారి లోపలి నుంచి బయటికి, మరోసారి బయటి నుంచి లోపలికి పోనివ్వాలి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే చక్రాల టో అమరిక, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పిందని అర్థం. అలైన్‌మెంట్ సరిచేయించకుండా కొత్త టైర్లు వేయిస్తే వాటికీ అదే గతి పడుతుంది.

ఇక కొత్త టైర్ల ఎంపిక. పైస్థాయి రోడ్డు టైర్లన్నీ ఒకే కోవకు చెందవు, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7 వంటివి వేగంతో పాటు తడి రోడ్డును కూడా దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వాటికి నీటిని తీసుకుపోయే వెడల్పైన నిలువు గాడులుంటాయి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 వంటివి రోడ్డు మీద నడపడానికి చట్టబద్ధమైనవే అయినా వాటి మనసంతా రేస్ ట్రాక్ మీదే ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడే వాటి ట్రెడ్ లోతు తక్కువ, రబ్బరు వేడెక్కితే తప్ప అసలు పట్టు చూపదు. వాన నీరు రబ్బరును వేడెక్కనివ్వదు, నిలిచిన నీటిని పంపడానికి గాడులు చాలవు. అందుచేత రెండు విధాలా అవి వానకు అనువైనవి కావు. వారాంతాల్లో ట్రాక్‌కు వెళ్లేవారు వాటిని వేరే రిమ్ములకు ఎక్కించి విడిగా ఉంచుకోవడం సరైన పద్ధతి. రోజూ నడిపే కారుకు, వాన పడే రోడ్లకు, మొదటి కోవకు చెందిన టైర్లనే నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

వాటికీ ఒక పరిమితి ఉంది. సమ్మర్ టైర్లు అని పిలిచే ఈ రకాల రబ్బరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గట్టిపడి పట్టు కోల్పోతుంది, గడ్డకట్టే చలిలో వాడితే ట్రెడ్ పగిలే ప్రమాదం కూడా ఉంటుంది. వానతో పాటు అంతటి చలీ వచ్చే చోట నడిపేవారు ఆల్ సీజన్ టైర్లనో, వింటర్ టైర్లనో ఎంచుకోక తప్పదు.

సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్కగోడ మీద ఉండే సంఖ్యలను చదవడం రాకుండా టైరు కొనకూడదు. 245/40 ఆర్ 18 97వై అని ఉందనుకుందాం. టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు. చివరిలో ఉన్న 97 అనేది భార సూచిక, అంటే ఒక్క టైరు 730 కిలోలు మోయగలదు. వై అనే అక్షరం గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని సూచిస్తుంది. అందం కోసం 19 అంగుళాల రిమ్ములు వేయించి 245/35 ఆర్ 19 టైరు ఎంచుకుంటే మొత్తం వ్యాసం 653 నుంచి 654 మిల్లీమీటర్లకు మాత్రమే మారుతుంది, స్పీడోమీటర్ తప్పు చూపదు, అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది. కాని ఆ కొలతలో సాధారణంగా దొరికే భార సూచిక 93, అంటే 650 కిలోలు. ఒక్కో టైరుకు 80 చొప్పున నాలుగింటికీ కలిపి 320 కిలోల సామర్థ్యం ఎవరి కంటా పడకుండా తగ్గిపోయింది. పైగా గుంతను తట్టుకునే సైడ్‌వాల్ కూడా పొట్టిదైంది. వాననీరు నిండిన గుంత ఎంత లోతుందో పైకి తెలియదు. భార సూచికను గానీ వేగ సూచికను గానీ కారు తయారీదారు చెప్పిన దానికంటే తగ్గనివ్వకూడదు.

అమెరికా నిబంధనల ప్రకారం టైరుపై ముద్రించే, మన్నికను సూచించే ట్రెడ్‌వేర్ అంకెను ప్రతి సంస్థా తన పరీక్షల ఆధారంగా తానే ఇచ్చుకుంటుంది. కాబట్టి ఒక సంస్థ 300నూ మరో సంస్థ 340నూ పక్కపక్కన పెట్టి మన్నికను తేల్చడం కుదరదు. ఆ పక్కనే ఉండే ట్రాక్షన్ గ్రేడు తడి రోడ్డుపై తిన్నగా వెళుతూ బ్రేకు వేసినప్పటి పట్టును మాత్రమే చెబుతుంది. మలుపులో పట్టు గురించి, నీటిపై తేలే స్వభావం గురించి అది ఏమీ చెప్పదు. ఐరోపా లేబుల్‌లో ఏ నుంచి ఇ వరకు ఉండే వెట్ గ్రిప్ శ్రేణి కూడా బ్రేకు పరీక్ష ఆధారంగా ఇచ్చేదే. అందువల్ల స్వతంత్ర పరీక్షల ఫలితాల్లో, కారు ఏ వేగం దగ్గర నీటిపై తేలిందో చూపే వరుసను వెతికి మరీ చదవాలి.

తయారీ తేదీ చూడకుండా డబ్బు చెల్లించవద్దు. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివర 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఈ నాలుగు అంకెలు టైరుకు ఒకవైపు మాత్రమే ఉండవచ్చు కాబట్టి, బిగించకముందే రెండువైపులా తిప్పి చూడాలి.

రెండు టైర్లే మార్చే పరిస్థితి వస్తే, కొలతలు ఒకటే అయినప్పుడు, కొత్తవాటిని వెనుక వేయించాలి. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనుక చక్రాలు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని సరిదిద్దడం అనుభవజ్ఞులకే కష్టం. ముందువి ఒక రకం, వెనుకవి మరో రకం కలపవద్దు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లలో అరుగుదల తేడా గేరు వ్యవస్థను కూడా దెబ్బతీయగలదు గనుక తయారీదారు చెప్పిన హద్దును పాటించాలి. పోర్షే కార్లకు ఎన్0 వంటి ముద్ర, బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు ఉన్న టైర్లు ఆ కార్ల కోసం ప్రత్యేకంగా సర్దుబాటు చేసినవి. ఒకే పేరుతో ఉన్నా ముద్ర లేనివి వాటితో సమానం కావు.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాలి. బాణం గుర్తున్న టైరు ముందుకు దొర్లే దిశలోనే ఉండాలి, అవుట్‌సైడ్ అని రాసిన వైపు బయటికే కనిపించాలి. అచ్చు నుంచి తీసినప్పటి జారుడు పదార్థపు పొర కొత్త టైరుపై మిగిలి ఉంటుంది, అది పోయేందుకు కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. ఆ దూరం పొడి రోడ్ల మీదే పూర్తయ్యేలా, వానలకు కనీసం నెల ముందు టైర్లు వేయించుకోవడం ఉత్తమం.

గాలి ఒత్తిడిని ఉదయం కారు తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, తలుపు అంచున అతికించిన పట్టిక ప్రకారం సరిచూడాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడిపోతే ఒత్తిడి సుమారు 1.5 నుంచి 2 పీఎస్ఐ తగ్గుతుంది, గాలి తగ్గిన టైరు తక్కువ వేగానికే నీటిపై తేలుతుంది. వాతావరణం చల్లబడిన వారంలో తప్పకుండా మళ్లీ చూసుకోవాలి. చక్రం నట్లను టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన బిగువుకే బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరొకసారి సరిచూడాలి.