తుఫాను రోజుల్లో తాగే నీళ్ళు: బ్లీచ్ చుక్కల లెక్క

మన నెల్లూరు సైడు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే కదా, అందరికీ అయిపోయాక మనకి మొదలవుతాయి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగినప్పుడు చూశాం, కరెంటు లేకపోతే ఆర్‌వో మిషన్ అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు, క్యాన్ల ఆటో రాదు, బోర్లోకి బావిలోకి బురదనీళ్ళు దిగిపోతాయి. అందుకే ఒక చిన్న బ్లీచ్ సీసా, సూది లేని 2 ఎంఎల్ సిరంజి సెప్టెంబర్‌లోనే తెచ్చి పెట్టుకోండి, రెండూ కలిపినా పెద్ద ఖర్చేం కాదు.

గ్యాస్ ఉంటే మాత్రం ముందు కాచడమే. బుడగలు బాగా తెర్లుతున్నాక ఇంకో నిమిషం ఉంచితే చాలు, అరగంట మరగపెట్టి సిలిండర్ ఖాళీ చేసుకోవాల్సిన పన్లేదు. చంటిబిడ్డలకి, విరేచనాలతో ఉన్నవాళ్ళకి కాచినవే ఇవ్వండి, ఎందుకంటే క్లోరిన్‌కి లొంగని క్రిప్టోస్పోరిడియం లాంటి క్రిములు కూడా కాస్తే చస్తాయి.

ఇంక బ్లీచ్ సంగతి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ అని, ఎంత శాతమో రాసుండాలి. సువాసన కలిపింది, రంగుది, సబ్బు కలిసింది తాగే నీళ్ళకి వద్దే వద్దు. 5, 6 శాతం ఉండేదైతే లీటరుకి 2 చుక్కలు, అంటే 20 లీటర్ల క్యానుకి 40 చుక్కలు, సిరంజితో అయితే 2 ఎంఎల్. చుక్కలు లెక్కపెడతా మధ్యలో ఎవరో పిలిస్తే లెక్క తప్పుద్ది, అందుకే నేను సిరంజి అంటన్నా. శాతం రాయని సీసా అయితే దాంతో బాత్రూమ్ కడుక్కోండి, అంతే. వేసి బాగా కలిపి మూత పెట్టి అరగంట ఆగాలి, ఈ అరగంటే మనోళ్ళు ఆగరు, వేసిన వెంటనే చెంబు ముంచుతారు, అప్పుడు వేసీ దండగే. అరగంటయ్యాక మూత తీస్తే లైట్‌గా క్లోరిన్ వాసన రావాలి. అస్సలు రాకపోతే నీళ్ళలో ఉన్న మురికే దాన్ని తినేసిందని అర్థం, ఇంకోసారి అంతే వేసి పావుగంట ఆగండి. వాసన మరీ ఘాటుగా ఉంటే ఆ బిందెలోంచి ఈ బిందెలోకి నాలుగుసార్లు పోస్తే తగ్గిపోద్ది.

నీళ్ళు మట్టిరంగులో ఉంటే ఎన్ని చుక్కలేసినా లాభం లేదు, ముందు తేరబెట్టాలి. మన పెద్దోళ్ళు చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళు, అది దొరక్కపోతే పటిక ముక్క నీళ్ళలో కాసేపు తిప్పి కదపకుండా వదిలేయండి, అడుగున మడ్డి దిగాక పైన తేట మాత్రం మెల్లగా వేరే బిందెలోకి నాలుగు మడతల పాత నూలుచీర గుండా వంచుకోండి. చూడ్డానికి తళతళలాడినా పటిక క్రిముల్ని చంపదు, తేరిన తర్వాతే బ్లీచ్. తేరినా కాస్త మసకగా ఉంటే డోసు డబుల్ చెయ్యాలి, క్యానుకి 4 ఎంఎల్.

వరదలప్పుడు ఆశా వర్కర్లు క్లోరిన్ బిళ్ళలు పంచుతారు, అవి వచ్చాయంటే లెక్కల గొడవే లేదు. ఒక్క సంగతి, ఒక్కో బిళ్ళ ఒక్కో సైజు, కొన్ని లీటరుకి, కొన్ని 20 లీటర్లకి, అట్ట మీద చూసి వెయ్యండి. బిళ్ళని డైరెక్టుగా నోట్లో వేసుకునేది కాదని పిల్లలకి, ముసలోళ్ళకి గట్టిగా చెప్పండి.

మేడ మీద ట్యాంకుకి అయితే బ్లీచింగ్ పౌడర్ చవక. తేట నీళ్ళయితే వెయ్యి లీటర్లకి సుమారు రెండున్నర గ్రాములు. పౌడర్ అట్టాగే చల్లకుండా మగ్గులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రం పోసి గంట ఆగాలి. గాలి తగిలి గడ్డకట్టిన పాత పౌడర్‌లో పస ఉండదు.

ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు ఎండలో పెట్టే పద్ధతి కూడా ఉంది, లీటరు, రెండు లీటర్ల రంగులేని, అవతలికి కనపడే సీసాలో తేట నీళ్ళు పోసి మంచి ఎండలో 6 గంటలు, మబ్బుంటే రెండ్రోజులు. మన రోహిణి కార్తె ఎండకి భేషుగ్గా పనిచేస్తది గానీ తుఫాను పట్టినప్పుడు ఎండ యాడ్నించి తెస్తాం.

కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపోళ్ళు ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటే బ్లీచ్ దాన్ని ఏమీ చెయ్యదు, కాస్తే నీళ్ళు ఇంకి ఇంకాస్త చిక్కబడుద్ది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన బోరు వాడకానికి ఉంచుకోని, తాగడానికి ట్యాంకర్ నీళ్ళో సప్లై నీళ్ళో పట్టుకోని వాటికి ఈ చుక్కలు వేసుకోండి. ఉప్పునీళ్ళకి కూడా బ్లీచ్ మందు కాదు.

శుద్ధి చేసిన నీళ్ళలో చెయ్యి ముంచితే మళ్ళీ మొదటికొచ్చినట్టే, కుళాయి ఉన్న డబ్బా అయితే మేలు, లేదంటే పొడుగు కాడ గరిటె. ఇంక బ్లీచ్ సీసా మీద కొన్న తేదీ రాసి చీకట్లో, పిల్లలకి అందని చోట పెట్టండి, ఎండకి, కాలానికి దాని పవర్ తగ్గిపోద్ది. బాత్రూమ్ యాసిడ్ పక్కన మాత్రం పెట్టొద్దు, ఆ రెండూ కలిస్తే విషపు గ్యాస్ వస్తది.