నక్షత్రచేప లాకెట్: మైనం చెక్కడం నుంచి రాయి పొదగడం దాకా

1937లో పారిస్ నగల సంస్థ రెనే బోవాన్ కోసం జూలియెట్ ముతార్ డిజైన్ చేసిన కెంపుల నక్షత్రచేప బ్రోచ్‌కి (బట్టకు గుచ్చుకునే నగ) ఐదు చేతుల్లోనూ కీళ్లున్నాయి. అందుకే అది బట్ట మీద వాలినట్టు కూర్చుంటుంది. వెండి లాకెట్‌లో కీళ్లు అక్కర్లేదు గానీ ఆ వాలు మాత్రం రావాలి. ముందు మైనంలో నమూనా చెక్కాలి, పోత పోసేవారు దాన్ని వెండిలోకి మారుస్తారు.

కావలసినవి: 35×35×6 మి.మీ. గట్టి ఆకుపచ్చ చెక్కుడు మైనం, మెత్తటి నీలి మైనం కాస్త, అడుగు చదునుగా ఉన్న 6 మి.మీ. గుండ్రటి మూన్‌స్టోన్ (చంద్రకాంత మణి), చిన్న ఆకురాళ్లు, సూది, మందం కొలిచే కాలిపర్.

మైనం మీద 72 డిగ్రీలకు ఒకటి చొప్పున ఐదు గీతలు గీయండి. తర్వాత రెండు చేతుల కొసలు కావాలనే పక్కకు వంచి గీయండి. అన్నీ ఒకేలా ఉంటే అది జెండా మీది నక్షత్రమే. మామూలు రంపపు బ్లేడుతో కోస్తే వేడికి మైనం కరిగి, కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది. మెలితిరిగిన స్పైరల్ బ్లేడు వాడండి.

చేయి మొదట్లో 6 మి.మీ., కొసన 2 మి.మీ. వెడల్పు ఉంచి, నడుమ వెన్నులా గట్టు తీయండి. కొస మరీ సన్నబడితే వెండి అక్కడిదాకా పారకుండానే గడ్డకడుతుంది. ఇక బొడిపెలు. సూది వేడిచేసి, నీలి మైనం చుక్క తీసుకుని, గట్టు వెంట అద్దుకుంటూ పోండి. కొసకు పోయేకొద్దీ చుక్క చిన్నదవ్వాలి. అర మిల్లీమీటరు కన్నా చిన్నవైతే మెరుగు పెట్టేటప్పుడు అరిగిపోతాయి.

నడుమ రాయి గూడు 6.2 మి.మీ. తవ్వండి, పోతలో వెండి కొద్దిగా కుంచించుకుపోతుంది. గూటి గోడ మందం 0.8 మి.మీ. ఉంచి, వెండిలోకి వచ్చాక ఆకురాయితో 0.5కి అరగదీయండి. అడుగున 3 మి.మీ. రంధ్రం తప్పనిసరి: వెలుతురు వస్తుంది, సరిచూసేటప్పుడు ఇరుక్కున్న రాయిని వెనక నుంచి తోయొచ్చు.

వెనకవైపు గుల్ల చేసి 1 మి.మీ. మందం మిగల్చండి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే పలచబడ్డ చోటు లేత పచ్చగా మెరుస్తుంది, అక్కడ ఆగిపోవాలి. మైనం తూకం 0.7 గ్రాము వస్తే, 92.5 శాతం వెండిలో లాకెట్ 7 గ్రాములు దాటుతుంది. పోత పోసేవారితో వెండి వెళ్లే దారి నడిమి మందం దగ్గరే పెట్టమని చెప్పండి.

గొలుసు రింగు అతకడం, మెరుగు పెట్టడం అయ్యాకే రాయి. మూన్‌స్టోన్ మంట సెగకు పగులుతుంది. గూటి గోడను గడియారంలో 12, 6, 3, 9 అంకెల వరసలో, ఎదురెదురుగా నొక్కండి. చుట్టూ ఒకే దిక్కుగా నొక్కుకుంటూ వస్తే చివర్లో వెండి మడత పడుతుంది, అది ఇక పోదు.

రాయికి బదులు ముత్యం కావాలంటే గూడు వద్దు, 0.8 మి.మీ. వెండి పుల్ల నిలబెట్టించండి. హైదరాబాద్ ముత్యాల దుకాణాల్లో సగం తొలిచిన ముత్యం అడిగి, ఎపాక్సీ జిగురుతో అతికించి ఒక రోజంతా కదపకుండా ఉంచండి.