ఆదివారం అరకు వెళ్తున్నారా? కారు ఎక్కడిదాకా, ఆటో ఎక్కడినుంచి

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఆదివారాల్లో విజయనగరం నుంచి అరకు వెళ్లేవాళ్లు తెల్లారకముందే బయలుదేరండి. పెట్రోలు, టైర్లలో గాలి ఎస్.కోట (శృంగవరపుకోట)లోనే చూసుకోండి. ముందు బొర్రా గుహలు, తర్వాతే అరకు. గుహలు 10 గంటలకు తెరుస్తారు, ఆ వేళకి అక్కడుంటే బండికి చోటు దొరుకుతుంది. ఆలస్యమైతే బొర్రాకి దిగే ఇరుకు దారిలో టూరిస్టు బస్సుల మధ్య చిక్కుకుంటారు.

ఘాట్లో సగం ట్రాఫిక్ మలుపుల్లో సెల్ఫీలకి ఆపేవాళ్ల పుణ్యమే. మిగతా సగం రెండో వరస కట్టేవాళ్లది. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, రూలే అది. దిగేటప్పుడు సెకండ్ గేర్లో ఉంచండి. బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. కాలిన వాసనొస్తే చదునైన చోట పక్కకి ఆపి, బ్రేకుల్ని వాటంతటవే చల్లారనివ్వండి. నీళ్లు పోయొద్దు.

అరకులో కారు లాడ్జి దగ్గరే వదిలేయండి. మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్‌కి ఆటో చాలు. వెయిటింగ్‌తో కలిపి ముందే బేరమాడండి. చాపరాయి వాగుకి మాత్రం కారే మేలు.

అసలు డ్రైవింగే వద్దంటే విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజరు రైలు ఉంది. అది విజయనగరం రాదు, ఎస్.కోటలో ఎక్కాలి.