పండుగ నాటికి పెరటి నిండా బంతిపూలు

బంధువులందరూ ఇంట్లో కలిసే పండుగ రోజున పెరటి బంతులు నిండుగా పూసి ఉండాలంటే, ఆ తేదీకి 9, 10 వారాల ముందే విత్తనాలు నాటుకోవాలి. విత్తనాన్ని అర సెంటీమీటరు లోతున పెట్టి, మట్టి ఆరిపోకుండా చూసుకుంటే వెచ్చని వాతావరణంలో వారానికల్లా మొలకలు వస్తాయి. ఈ పనిని పిల్లలకే అప్పగించడం మంచిది, ఎందుకంటే తాము నాటిన మొక్కను వారు రోజూ ప్రేమగా చూసుకుంటారు. మొక్క 15 సెంటీమీటర్ల ఎత్తుకు రాగానే, మనసొప్పకపోయినా, తల తుంచాలి. అలా తుంచినప్పుడే పక్క కొమ్మలు చిగురించి పూలు ఎక్కువగా పూస్తాయి. రోజుకు కనీసం 6 గంటల ఎండ అవసరం. నత్రజని ఎరువు మితిమీరితే ఆకులే పెరిగి పూత తగ్గుతుంది. ముందుగా పూసినవి వాడిన వెంటనే తీసేస్తూ ఉంటే, అతిథులు వచ్చే నాటికి కొత్త మొగ్గలు విచ్చుకుంటాయి.