కలిసి చదువుదాం – పాఠం 3: మొదటి కూడిక (మార్కు 2:1–12)

యేసు జీవితాన్ని చెప్పే మార్కు సువార్తను ఎందుకు ఎంచుకున్నామో పోయిన పాఠంలో చూశాం. 16 అధ్యాయాలే, కథ ఎక్కడా ఆగదు. ఈసారి, బైబిలు కొత్తైన స్నేహితులతో కలిసి చదివే మొదటి కూడిక నడపడం నేర్చుకుందాం. కపెర్నహూములో నలుగురు మనుషులు పక్షవాయువు రోగిని మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందు దింపిన భాగం చదువుతాం.

"బైబిల్లో ఒక కథ చదివి మాట్లాడుకుందాం, గంటసేపు" అని ఉన్నదున్నట్టు చెప్పి పిలవండి. భోజనానికని పిలిచి మధ్యలో బైబిలు తీస్తే ఆ మనిషి మళ్లీ రాడు. రాకపోవడమే న్యాయం. ఐదారుగురు చాలు. వాళ్లలో విశ్వాసులు ఇద్దరికి మించితే కూడిక కాస్తా ప్రసంగమైపోతుంది, కొత్తవాళ్లు వింటూ కూర్చుంటారు.

బైబిళ్లు పంచకండి. ఆ 12 వచనాలే పెద్ద అక్షరాల్లో, పక్కన రాసుకోవడానికి చోటు వదిలి, మనిషికో కాగితం ఇవ్వండి. కొత్తవాళ్లకు మార్కు ఎక్కడుందో వెతుక్కునే ఇబ్బంది తప్పుతుంది. మనవాళ్లు బైబిల్లోనే ఉన్న రోమా పత్రిక లాంటి వేరే పుస్తకాల్లోకి దూకకుండా కూడా ఇదే కాపాడుతుంది. శాస్త్రులు, దేవదూషణ, మనుష్యకుమారుడు లాంటి మాటలకు కాగితం అడుగున ఒక్కో వాక్యంలో అర్థం రాయండి.

టీ, పలకరింపులకు పది నిమిషాలు. తర్వాత మీరే నెమ్మదిగా ఒకసారి పైకి చదవండి. రెండోసారి ఇష్టమున్నవాళ్లు చదువుతారు. పేరు పెట్టి ఎవరినీ చదవమనకండి, చదువు రాని సంగతి నలుగురిలో బయటపడుతుంది.

కనీసం అరగంట చర్చకు ఉంచి, నాలుగు ప్రశ్నలు సిద్ధం చేసుకోండి. ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎందుకొచ్చారు? రోగిని నడిచేలా చేయమని తెస్తే యేసు ముందుగా పాపక్షమాపణ మాట ఎందుకెత్తాడు? శాస్త్రుల (యూదుల ధర్మశాస్త్ర పండితుల) అభ్యంతరంలో న్యాయముందా? ఆ నలుగురిలో మీరొకరైతే ఆ మాట విని ఏమనుకునేవారు? కప్పు విప్పడమేమిటని ఎవరైనా ఆశ్చర్యపోతే రాయలసీమ మట్టిమిద్దెలు గుర్తుచేయండి, చాలు. మూడో ప్రశ్న దగ్గర తొందరపడొద్దు. దేవుడు తప్ప పాపాలు క్షమించేవాడెవడని శాస్త్రులు అడిగినది గట్టి ప్రశ్నే. దాని బరువు తెలిస్తేనే యేసు జవాబు ఎంత పెద్దదో తెలుస్తుంది.

ప్రశ్న వేశాక మౌనం వస్తుంది. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే ఆ వచనాన్నే మళ్లీ చదవండి. మీరే జవాబు చెప్పారా, ఇక ఆ సాయంత్రమంతా అందరూ మీ జవాబు కోసమే చూస్తారు.

మన ఊళ్లలో రాక మానని ప్రశ్న ఒకటుంది: "అంటే వాడు చేసుకున్న పాపం వల్లే ఆ జబ్బా? పూర్వజన్మ కర్మా?" కర్మ సిద్ధాంతం మీద వాదానికి దిగకండి. ఈ భాగంలో జబ్బుకు కారణం చెప్పలేదని కాగితంలోనే చూపించండి. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు ఇలాంటి ప్రశ్నే అడిగారు. వీడైనా వీని తల్లిదండ్రులైనా పాపం చేయలేదని యేసు అన్నాడు. ఆ వచనాలు విడిగా ప్రింటు తీసి దగ్గర పెట్టుకుని, అడిగితేనే ఇవ్వండి. అడిగినవాళ్ల ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉండొచ్చు. అలాంటప్పుడు వచనం కన్నా ముందు వాళ్లు చెప్పేది వినాలి. స్వస్థత దొరుకుతుందని మాత్రం మాటివ్వకండి.

"దేవుళ్లందరూ ఒక్కటే కదా" అన్నవారినీ ఖండించకండి. "ఈ కథలో యేసు తన గురించి ఏమంటున్నాడు?" అని, పాపాలు క్షమించే అధికారం తనకుందని ఆయన చెప్పే 10వ వచనం దగ్గరికి తీసుకురండి. ఒప్పుకోకుండా వెళ్లినా పరవాలేదు, చదివి వెళ్లారు.

రక్షణ, అభిషేకం, నడిపింపు లాంటి సంఘం మాటలు ఆ గంటసేపు పక్కన పెట్టండి. చెప్పిన వేళకు ముగించి, మళ్లీ వస్తారా అని ఒక్కసారే అడగండి.

అభ్యాసం: మార్కు 4:35–41 చదివి నాలుగు ప్రశ్నలు రాయండి. అవును, కాదు అని తేలిపోయే వాటిని కొట్టేసి, వాటి స్థానంలో వేరేవి రాయండి. వచ్చే పాఠంలో వాటినే దిద్దుకుందాం.