సొంత జలాంతర్గామి: హల్‌కి రంధ్రం వేసే ముందు

హల్ అంటే నీటి ఒత్తిడిని ఆపే జలాంతర్గామి గోడ. డ్రిల్ చేతికి తీసుకునే ముందు ఇవి చూసుకోండి.

– ఫిట్టింగ్ (రంధ్రంలో బిగించే భాగం) అంచు బయటివైపే ఉండాలి. అప్పుడు నీటి పీడనమే దాన్ని సీటుకేసి నొక్కి ఉంచుతుంది. లోపలి నట్టు ఒక్కటే ఆపుతుంటే, అది జారిన రోజు ఫిట్టింగ్ లోపలికి దూసుకొస్తుంది. 50 మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 5 కిలోల ఒత్తిడి.

– రంధ్రం చుట్టూ మందపాటి రింగు వెల్డ్ చేయండి. కోసేసిన లోహం మోసిన భారం ఎవరో ఒకరు మోయాలి కదా.

– నీళ్లొచ్చే ప్రతి పైపుకీ లోపల, హల్‌ని ఆనుకునే వాల్వు పెట్టండి. 1963లో అమెరికా జలాంతర్గామి థ్రెషర్ 129 మందితో మునిగింది. పైపు జాయింటు విరగడమే కారణం కావచ్చని విచారణలో తేలింది.

– కేబుల్ తొడుగు ఎక్కడ చిరిగినా నీరు రాగి పోగుల మధ్యనుంచి పాకుతూ లోపలికొస్తుంది. గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగించే సీలు) ఎంత బిగించినా ఆగదు. హల్ దాటే చోట గట్టి రాగి కడ్డీ పెట్టి, చుట్టూ ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోయండి.

– థ్రస్టర్ (జలాంతర్గామిని నీటిలో నడిపే ప్రొపెల్లర్) మోటారు బయటే ఉంచండి. తిరిగే షాఫ్టు హల్ దాటకపోతే పెద్ద టెన్షన్ తీరినట్టే. ఇందుకు వాడే ట్రోలింగ్ మోటారు (చేపలు పట్టే పడవల చిన్న విద్యుత్ మోటారు) సీలు లోతుకు తట్టుకోదు; మినరల్ ఆయిల్ నింపి, మెత్తటి సంచి తగిలించి లోపలి పీడనాన్ని బయటితో సమం చేయండి.

– ప్రొపెల్లర్‌కి గార్డు పెట్టండి, వలలు చుట్టుకోకుండా.

– మొదటిసారి మనిషి లేకుండా, అనుకున్న లోతుకన్నా కిందికి తాడుతో దించండి.