మిల్లు గోడౌన్‌లో దొరికిన పాత అంబాసిడర్: మొదట ఏం చేయాలి

తణుకు, భీమవరం వైపు పాత రైసుమిల్లు గోడౌన్‌లో మార్క్ 2 అంబాసిడర్ కనబడితే వెంటనే కడగకండి. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి, ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్‌సీతో సరిచూడండి. ఎలుకలు కాపురమున్న బండిని గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. వాటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. ఊక దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని మెత్తని బ్రష్షుతో దులపండి. మ్యాట్లెత్తి, తుప్పు తినేసిందేమో ఫ్లోరు రేకును స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా నొక్కి చూడండి. 1986 గోదావరి వరద చూసిన ఊళ్లలో తలుపుల లోపల ఒండ్రు గీత కూడా వెతకాలి.

కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడమే అసలు ప్రమాదం. బోరుకు (సిలిండరు లోపలి గోడకు) పట్టేసిన పిస్టన్ రింగులు విరిగి బోరు గీసుకుపోతుంది. ముందు ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపు ప్లగ్ కొంచెం వదులు చేయండి. నీళ్లుంటే అవే ముందు కారతాయి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, డీజిలూ ఇంజనాయిలూ సగంసగం కలిపి సిలిండరుకు 25 మి.లీ. పోసి మూడు రోజులుంచండి. తర్వాత సంపులోని పాత ఆయిల్ దించి కొత్తది పోసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు నుంచి ఇంజన్ తిప్పే హ్యాండిల్ రాడ్‌తో పావు చుట్టు తిప్పండి. కదలకపోతే బలవంతం వద్దు, సిలిండర్లలో ఆ డీజిలు మిశ్రమం మళ్లీ పోసి ఇంకో వారం ఆగండి.

ట్యాంకులోని జిగురు పెట్రోలు మొత్తం తీసేయాలి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపులను తినేస్తుంది, అవి మార్చక తప్పదు. బ్రేకు రబ్బర్లూ అంతే. పెయింటు మాత్రం, వెలిసినా సరే, ఒరిజినల్‌దే ఉంచండి: ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. కప్పడానికి నూలుగుడ్డే వాడాలి. ప్లాస్టిక్ పట్టా కింద చెమ్మ చేరి తుప్పు పడుతుంది.